సారలమ్మ కేస్ షీటు

“నేను జెప్త, రాసుకోండి మేడం,” అంటూ రోగి కూర్చోవలసిన కుర్చీలో వెంకటనర్సయ్యే కూర్చున్నాడు.

యూనివర్సిటీ హెల్త్ సెంటర్ డాక్టర్ కౌముది ఆయన వెనక నిలబడ్డ సారలమ్మ వైపు చూసింది. ఓపీ చీటీ మీద ఉన్నది ఆవిడ పేరే. ఇంటామెకు ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదనీ, ఒక్కతే రానని మొండికేస్తే సీతాఫల్‌మండి నుంచి ఆటోలో తీసుకొచ్చాననీ, తాను మాత్రం బుద్ధెరిగిన దగ్గర్నుంచీ దవాఖానా మెట్లెక్కిన వాణ్ణి కాననీ ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంట చేసి రిటైరైన మనిషి. వందలమంది కుర్రాళ్ల మీద అరిచిన గొంతు కాబట్టి, చిన్నగా మాట్లాడినా వరండాలోకి వినిపిస్తుంది.

కౌముది సారలమ్మకు మరో కుర్చీ వేయించి, బల్ల మీదున్న చిన్న నల్ల పెట్టెను చూపించింది. గదిలో జరిగే మాటలు విని, ఎవరి బాధ ఏదో తేల్చుకుని కేస్ షీటు అదే రాస్తుందనీ, మీకు ఇష్టమైతేనే ఆన్ చేస్తాననీ చెప్పింది.

“అందరి మాటలు రాసుకుంటదా బిడ్డా?” అని అడిగింది సారలమ్మ.

“అందరివీ రాస్తుందమ్మా.”

“అయితే పెట్టు.”

ఆ పెట్టె అంటే కౌముదికి ప్రాణం. అది రాకముందు కంప్యూటర్ తెరకేసి చూస్తూ టైపు చేయడంతోనే సరిపోయేది, ఎదుటి మనిషి మొహం సరిగ్గా చూసిన పాపాన పోలేదు. తార్నాకలో ఇంటికి చేరాక కూడా ఆ టైపింగే. క్యాంపస్‌లోని ఇంజనీరింగ్ పిల్లలు ఈ పెట్టెను తయారుచేసి ఇచ్చాక ఆమె మళ్లీ డాక్టరయింది. కానీ హెల్త్ సెంటర్‌కు పెద్ద డాక్టరైన కరుణాకర్‌కు దాని మీద బొత్తిగా గురి లేదు. మొన్నెప్పుడో అది ఒక కుర్రాడి దగ్గును తోడొచ్చిన స్నేహితుడి పేరు మీద రాసిపారేసింది. ఇంకొక్కసారి అలా జరిగితే పెట్టెను వెనక్కి పంపేస్తానని ఆయన అందరి ముందూ తేల్చి చెప్పాడు.

అందుకే కౌముది ప్రతి ప్రశ్నా సారలమ్మ మొహం చూసి అడిగింది. ప్రతి జవాబూ వెంకటనర్సయ్య దగ్గర్నుంచి వచ్చింది.

రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అడిగితే, “ఆమెకు నిద్రేడిది మేడం? నేను ఒంటేలుకని లేస్తనే ఉంట, లైటేస్త. ఆమె గుడ మేల్కుంటది,” అన్నాడు. ఆకలి సంగతి అడిగితే, ఆమె తిండికేం లోటు లేదనీ, ఈ వెంకటనర్సయ్య అంతకు రెండింతలు తింటున్నా ప్యాంటు నడుం మీద నిలవక బెల్టుకు కొత్త బెజ్జం కొట్టించాడనీ గొప్పగా చెప్పాడు. చూపు మాట వచ్చేసరికి, సూదిలో దారం ఇప్పటికీ ఆమే ఎక్కిస్తుందనీ, ఈ సిటీ బస్సుల నంబర్లే ఎవరికీ కనపడకుండా రాసి చస్తున్నారనీ ఆర్టీసీ వాళ్లను తిట్టాడు. తిడుతూనే, ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరడం లేదంటూ కౌముది నీళ్ల సీసా అందుకుని సగం తాగేశాడు.

కౌముదికి ఒళ్లు మండింది. పెళ్లాం ఒంట్లో నొప్పి కూడా తానే చెప్పాలనుకునే మగవాళ్లను ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది గాని, ఇంతటి వాణ్ణి చూడలేదు.

“పెద్దాయనా, అమ్మను కాస్త మాట్లాడనివ్వండి,” అంది.

“ఆయన్నే చెప్పనీ బిడ్డా,” అంది సారలమ్మ, కొంగు సర్దుకుంటూ. “ఆయనకు అన్నీ ఎరికే.”

ఆ అణకువ చూసి కౌముదికి ఇంకా కోపం వచ్చింది. ఇంతలో వెంకటనర్సయ్య బాత్రూమ్ ఎటువైపని అడిగి, ఇప్పుడే వస్తానంటూ గబగబా బయటికి వెళ్లాడు. హమ్మయ్య అనుకుని ఆమె సారలమ్మ వైపు తిరిగే లోపే కరుణాకర్ లోపలికి వచ్చాడు. వచ్చినవాడు నేరుగా తెర ముందుకు వెళ్లి, పెట్టె రాసింది పైకి చదివాడు.

“రోగి పేరు వెంకటనర్సయ్య. విపరీతమైన దాహం, రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రం, బాగా తింటున్నా బరువు తగ్గడం, దూరపు చూపు మసక. షుగర్ పరీక్ష వెంటనే చేయించాలి.” ఆయన ఓపీ చీటీ తీసి చూశాడు. “ఇక్కడేమో సారలమ్మ అని ఉంది. ఏమ్మా కౌముదీ, మళ్లీ తోడొచ్చిన మనిషినే రోగిని చేసిందా నీ పెట్టె?”

కౌముది మొహం చిన్నబోయింది. రేపటి నుంచి మళ్లీ ఆ తెర, ఆ టైపింగు. తన పెట్టెను ముంచింది ఆ పెద్దమనిషి నోరేనని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా తమాయించుకుని సారలమ్మకు క్షమాపణ చెప్పింది. మీ ఆయన మాటల హోరులో ఇది తికమకపడిందనీ, పేరు మార్చి మళ్లీ మొదట్నుంచీ అడుగుతాననీ చెబుతూ కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

సారలమ్మ ఒకసారి తలుపు వైపు చూసింది. వరండాలో వెంకటనర్సయ్య గొంతు ఇంకా దూరంగానే ఉంది, కుళాయి సరిగ్గా లేదని ఎవరితోనో తగువు పెట్టుకున్నట్టుంది. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, కౌముది చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“పేరు మార్చకు బిడ్డా, సూపియ్యనీకె తోల్కొచ్చింది ఆయన్నే.”