పాలు పొయ్యని ఇల్లు

మేకలకు సూదులు వేసే ఎకిడోర్ టీకా పొడిలో నీళ్లు పోసి సీసా ఊపుతున్నాడు. నపెయోక్ ఎవరూ అడగకుండానే వచ్చి, ఆ సీసాకు తడిగుడ్డ చుట్టి తన నీడలో పెట్టుకుంది.

పొడిగా ఉన్నంతసేపే ఆ మందు మొండిది. నీళ్లు కలిశాక మా తుర్కానా ఎడారి ఎండలో కాసేపటికే చస్తుంది. చచ్చిన మందు పొడిచినా మేక అలాగే అరుస్తుంది. రోగం వచ్చినప్పుడు గానీ సంగతి తెలియదు. ఎండువాగు అవతల మేకలకు, మందల్నే తుడిచిపెట్టే పారుడు రోగం మళ్లీ మొదలైందని అప్పటికే కబురొచ్చింది. మాకున్న ఆస్తల్లా మేకలే.

నపెయోక్ మాకు కొత్త. ముందురోజే వాగు దాటి వచ్చి గుడిసె వేసుకుని, ముళ్లకంపతో దొడ్డి కట్టుకుంది. మేకలు వెనకాల వస్తున్నాయి కాబోలు అనుకున్నాం.

ఎకిడోర్ మోటారుసైకిల్ ఆపింది ఆమె గుడిసె ముందే. మాలో గుమ్మంలోకొచ్చిన మనిషికి పాలు పొయ్యకుండా పని చెప్పరు. ఈవిడ కూర్చోమని కూడా అనలేదు. పక్క గుడిసె అలిమ్లిమ్ జాలిపడి పాలబుర్ర తెస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

“పని కానీ తమ్ముడూ. పాలెక్కడికీ పోవు.”

అలిమ్లిమ్‌కు ఒళ్లు మండింది. “అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. ఏం వదినా, మీ వైపు మర్యాద ఇంతేనా?”

నపెయోక్ సీసా చుట్టూ గుడ్డ బిగించింది. ఆ మాట తగిలేంత ప్రాణం ఆమె ముఖంలో లేదు. ఎకిడోర్ కూడా తల దించుకుని సూదిలోకి మందు ఎక్కించుకున్నాడు. పాపం, ఆకలి దిగమింగుకున్నాడని జాలిపడ్డాం.

ఒక దొడ్డి తర్వాత మరో దొడ్డి. మేకల్ని చెవులు పట్టి ఆమే లాక్కొచ్చింది. గుడ్డ ఆరినప్పుడల్లా మళ్లీ తడిపింది. ఎవరినీ ఊపిరి తీసుకోనివ్వలేదు. తన వంతు తొందరగా రావాలని ఆవిడ ఆరాటం, ఎవరి గోల వారిది అంటూ ముసలి లొమురియా పొగాకు నములుతూ నవ్వాడు.

చివరి మేకకు సూది పడింది. సీసాలో ఇంకా కొంచెం మందు మిగిలింది. లొమురియా దాన్ని ముట్టుకుని చూశాడు. మనసు కరిగినట్టుంది.

“ఇంకా చల్లగానే ఉంది తల్లీ. నీ మేకలు ఎంతవరకొచ్చాయో, తోలుకురా.”

నపెయోక్ తడిగుడ్డ విప్పి పిండింది. మడత పెట్టింది. ఎటూ చూడలేదు.

“అక్కకు మేకల్లేవు తాతా, పోయినేడు నేను మందు కలిపి ఎండలో పెట్టి, ఆమె పోసిన పాలు తాగుతూ కూర్చున్నాను” అన్నాడు ఎకిడోర్.