టైమెంత తాత

“టైమెంతయింది బాబూ?”

పట్టాలు దాటబోతున్న లెక్కల మాస్టారు చిరాగ్గా ఆగాడు.

“మీ చేతికే వాచీ ఉందిగా తాతా.”

“చూపు ఆనడం లేదు. కాస్త చూసి చెప్పు.”

మాస్టారు చెప్పాడు. ముసలాయన మాత్రం చొక్కా చెయ్యి వదల్లేదు. ఏ బడి, ఎంతమంది పిల్లలు అంటూ పురాణం విప్పాడు. మాస్టారు విడిపించుకుని బయటపడేసరికి పావుగంట పోయింది.

ఆ చిన్న స్టేషనులో మెట్ల వంతెన ఉంది. ఎక్కి దిగే ఓపిక ఎవరికుంది? జనమంతా ప్లాట్‌ఫాం చివర అడ్డదారిన పట్టాలు దాటేస్తారు. సరిగ్గా అక్కడే ముసలాయన రోజూ కాపు కాస్తాడు. ఊరు ఆయనకు టైమెంత తాత అని పేరు పెట్టింది. అసలు పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

కొత్త స్టేషన్ మాస్టరు వచ్చి రెండు నెలలైంది. స్టేషనుకు వందేళ్లు నిండుతున్నాయి, చరిత్ర రెండు పేజీలు రాసి పంపమని పైఆఫీసు ఆ పని ఆయన నెత్తిన పెట్టింది. రాతపని అంటే ఆయనకు అసలే గిట్టదు. ఆ తలనొప్పిలో ఉండగానే ఓ సాయంత్రం కూతురు వణుకుతూ వచ్చింది.

“ఆ తాత నా బ్యాగు పట్టుకున్నాడు నాన్నా. ఎంత లాగినా వదల్లేదు.”

తల్లి లేని పిల్ల. పట్టాల అవతలి కాలేజీ నుంచి రోజూ ఆ దారినే ఒంటరిగా వస్తుంది.

“ఈసారి వాడు కనిపిస్తే నిలబడకు తల్లీ. వెనక్కి చూడకుండా పరుగెత్తు.”

మర్నాడు ముసలాయన్ని చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకొచ్చాడు.

“ఇంకోసారి నా ప్లాట్‌ఫాం మీద కనిపిస్తే పోలీసులకు అప్పజెబుతా.”

“రోజంతా ఉండను సార్. నాలుగున్నర నుంచి ఓ ఇరవై నిమిషాలు. అంతే.”

ఆడపిల్లలు కాలేజీ నుంచి తిరిగొచ్చే వేళ అదే. స్టేషన్ మాస్టరుకు ఒళ్లు మండిపోయింది.

“ఆ టైములో నీకేం పని?”

ముసలాయన ఏదో చెప్పబోయాడు. మళ్లీ తల దించుకున్నాడు.

“చెప్పుకునే పని కాదు సార్.”

ఆ మాటతో ఆయన అనుమానం ఖాయమైపోయింది.

“నడు బయటికి.”

పోర్టరు నవ్వాడు. “మంచి పని చేశారండీ. ఇన్నేళ్లూ నా చెవులు తినేశాడు.”

నాలుగు రోజులు ప్రశాంతంగా గడిచాయి. ఐదో రోజు స్టేషన్ మాస్టరు డ్యూటీ అసిస్టెంటుకు అప్పజెప్పి, పాత రిజిస్టర్లు ముందేసుకుని చరిత్ర రాయడానికి కూర్చున్నాడు. మొదటి రైలు, మొదటి మాస్టరు, వరదకు కొట్టుకుపోయిన గోడౌను. కలం బాగానే సాగింది. ప్రమాదాల రిజిస్టరు తెరిచాక ఆగిపోయింది.

‘ప్లాట్‌ఫాం చివర, పట్టాలు దాటుతూ.’ ఏడాదికి ఇద్దరు, ఒక్కో ఏడు ముగ్గురు. అందరూ ఒకే బండి కింద. ఇక్కడ ఆగకుండా నాలుగూ నలభైకి పోయే ఎక్స్‌ప్రెస్. ఎప్పటి మాస్టరో పక్కన రాసిపెట్టాడు: ‘వాలులో దొర్లుతూ వస్తుంది, ఇంజను చప్పుడు ఉండదు. మలుపు తిరిగేదాకా కనిపించదు.’

స్టేషన్ మాస్టరు గబగబా పేజీలు తిప్పాడు. ఆఖరి చావు పద్నాలుగేళ్ల కిందటిది. ఎవరో కాలేజీ పిల్ల, పంతొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

“పద్నాలుగేళ్ల కిందట ఇక్కడ ఏం చేశారయ్యా? కంచె కట్టారా?” అని పోర్టర్ని అడిగాడు.

“కంచా పాడా? ఎవరూ ఏమీ కట్టలేదండీ.” పోర్టరు తల గోక్కున్నాడు. “ఆ ఏడే టైమెంత తాత ఎక్కడి నుంచో ఊళ్లోకి దిగబడ్డాడు. కొత్తంటే అదొక్కటే.”

స్టేషన్ మాస్టరు గోడ గడియారం చూశాడు. నాలుగూ ముప్ఫై ఎనిమిది.

కుర్చీ తన్నేసి పరుగెత్తాడు. ప్లాట్‌ఫాం ఎంతకీ తరగడం లేదు. దూరంగా, పట్టాల అవతల, కూతురు వస్తూ కనిపించింది. ఆమె దారిలోనే ముసలాయన నిలబడి ఉన్నాడు. ప్లాట్‌ఫాం మీదికి రావద్దన్నారని, అటువైపు చేరాడు.

“టైమెంతయిందమ్మా?”

అమ్మాయి ఆయన్ని చూసింది. నాన్న చెప్పినట్టే చేసింది. చాచిన చేతిని తప్పించుకుని, వెనక్కి చూడకుండా పట్టాల మీదికి పరుగెత్తింది.

‘ఆగు తల్లీ’ అని అరవబోయాడు తండ్రి. అప్పటికే మలుపులో ఇంజను కనిపించింది. చప్పుడు లేదు. ముసలాయన అమ్మాయి వెంట పడ్డాడు. హారను మోగేసరికి అంతా అయిపోయింది.

అమ్మాయి ప్లాట్‌ఫాం అంచున బోర్లా పడి ఉంది. మోచేతులు చెక్కుకుపోయాయి, అంతే.

“వెనక నుంచి ఎవరో తోశారు నాన్నా” అంది. తర్వాత పట్టాల వైపు చూసింది. “నువ్వే పరుగెత్తమన్నావుగా” అంటూ ఏడ్చేసింది.

ఆయన కూతుర్ని గట్టిగా పట్టుకుని అక్కడే కూలబడిపోయాడు.

గంట తర్వాత పోలీసులు ముసలాయన జేబులో దొరికిన గుర్తింపు కార్డు తెచ్చి బల్ల మీద పెట్టారు.

స్టేషన్ మాస్టరు ప్రమాదాల రిజిస్టరు తెరిచాడు. పద్నాలుగేళ్ల తర్వాత ఆ పేజీలో మళ్లీ ఓ వరుస. కార్డు చూసి పేరు ఒక్కో అక్షరమే రాశాడు.

రాశాక చూస్తే, అదే పేరు పై వరుసలో, కాలేజీ పిల్ల పేరు పక్కన, బండి నడిపిన డ్రైవరు గడిలో ఉంది.