మూడు చెంబుల నీళ్లు

"రాయికి కాళ్లొచ్చి నడిచిపోయిందా మేడమ్? మీ జీపెక్కి పోయిందని నేనంటాండా. కాదనండి చూద్దాం!"

ఓబిలేష్ గొంతు ఎండిన చేల మీదుగా ఊరిదాకా వినిపించేలా ఉంది. ఊళ్లో గుడి కమిటీకి పెద్ద అతనే. మామూలుగా మాట్లాడినా మైకు పట్టుకున్నట్టే ఉంటుంది.

ఎదురుగా నిలబడ్డ నందిని అనంతపురం కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతుంది. ఆమెకూ కోపం తక్కువేమీ కాదు.

"ఎత్తుకుపోయేదాన్నయితే నెల కిందటే ఎత్తుకుపోయేదాన్నన్నా. మీరే దాచిపెట్టినారు. రేపు గుడి కట్టినాక అమ్మ మళ్లా వెలిసిందంటారు."

కొట్టం ముందు మూడు రాళ్ల పొయ్యి దగ్గర బయమ్మ ఇద్దరి వైపూ చూడకుండా కట్టెలు ఎగదోసింది. పొద్దుటి నుంచీ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. పొగకో, ఏడుపుకో తెలియదు. గిన్నెలో టీ ఇంకా మరగలేదు.

పోయింది ఆమె చేలోని రాయే. గుమ్మడికాయంత ఉంటుంది. పైన ఉంగరంలో ఉంగరం, అడ్డంగా కోసిన ఉల్లిగడ్డ మాదిరి. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త దాన్ని చూపించి, "ఈమె మన గంగమ్మ. వేడి పడదు. శుక్రవారం శుక్రవారం మూడు చెంబుల నీళ్లు పోసి చల్లబరచు" అని చెప్పింది. నలభై ఏళ్లయింది. ట్యాంకరు మూడు రోజులకోసారి వచ్చే ఈ కరువులో కూడా, తన గొంతు తడిసినా తడవకపోయినా బయమ్మ ఆ మూడు చెంబులూ మానలేదు.

నెల కిందట నందిని అటుగా వచ్చి ఆ రాయిని చూసి మోకాళ్ల మీద కూలబడింది. భక్తేమో అనుకున్నారు ఊరివాళ్లు. అది వంద కోట్ల ఏళ్లు దాటిన పాచి శిలాజమనీ, చేను కింద ఇలాంటివి ఇంకా ఉంటాయనీ, రెండెకరాలకూ కంచె వేయించాలనీ ఆమె చెప్పాక గానీ సంగతి తెలియలేదు. ఆ వారమే ఓబిలేష్ వచ్చి, అమ్మ వెలసిన చోట గుడి కట్టాల్సిందేనని అవే రెండెకరాలకు ముగ్గు పోసి పోయాడు. "బదులు భూమి ఇప్పిస్తాం" అని ఇద్దరూ అన్నారు. ఆ మాట బయమ్మకు కొత్త కాదు. రోడ్డు కింద పోయిన ఎకరాకు బదులు భూమి కోసం తిరిగి తిరిగే ఆమె మొగుడు ఎర్రన్న కన్నుమూశాడు. అతన్ని పూడ్చిందీ ఈ చేని గట్టునే.

"కోతి నుంచి మనిషి పుట్టినాడని పిల్లోళ్లకు చెప్తాండారు, సరే" అన్నాడు ఓబిలేష్. "ఇప్పుడు మా గంగమ్మ పాచి నుంచి పుట్టిందంటే ఊరుకోవాల్నా?"

"పాచిని తక్కువ చెయ్యొద్దన్నా. అప్పుడు మనం పీల్చే గాలే లేదు. ఈడ సముద్రం ఉండేది. దాని అంచున ఆ పాచి పొర మీద పొర పేరుకుంటా, గాలిని తయారుచేసింది. నువ్వు, నేను, ఆ మేక, అందరం అట్లాంటి ప్రాణం నుంచే మారుతా మారుతా వచ్చినాం."

"గాలి ఇచ్చింది, ప్రాణం ఇచ్చింది అంటాండావు. ఇంక అమ్మ కాకుంటే ఎవురు మేడమ్?"

నందిని పొయ్యి వైపు తిరిగి, టీ అయిందా అని బయమ్మను అడిగింది.

"ఈడ సముద్రమా?" బయమ్మ మొదటిసారి తలెత్తింది.

"అవునవ్వా."

బయమ్మ బీటలు వారిన చేనును చూసింది.

పొయ్యిలో ఏదో ఫట్టున పగిలింది. ఆమె చేతిలో గ్లాసు జారి కిందపడింది.

"ఏమైందత్తా?" అన్నాడు ఓబిలేష్.

"పచ్చి కట్టెలప్పా."

"ఈ కరువులో పచ్చి కట్టెలు యాడ దొరికినాయి నీకు?" అని అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "ఆఖరుసారి అమ్మను ఎప్పుడు చూసినావు?"

"పోయిన శుక్రవారం నీళ్లు పోసినా. శనివారం పొద్దున్నే ఆడ లేదు."

కొట్టం, గడ్డివామి, ఎండిన బావి, అన్నీ ఇద్దరూ పోటీపడి వెతికారు. పసుపు కుంకుమలతో ఆమడ దూరానికి కనిపించే రాయి ఎక్కడా కనిపించలేదు. చివరికి అలిసిపోయి టీ తాగారు.

"ఫొటోలు చూసి గవర్నమెంటోళ్లు కంచె వెయ్యరవ్వా, రాయి చూపించమంటారు" అంది నందిని గ్లాసు దించుతూ. "ఇంక ఈ చేను జోలికి ఎవురూ రారు. సున్నం బట్టీవాళ్లు ఎత్తుకుపోయినారేమోనని నా భయం. అది సున్నపురాయి. నిప్పు తగిలితే పగిలిపోతుంది."

"అమ్మ లేనిచోట గుడెందుకులే" అన్నాడు ఓబిలేష్. "మనమీద అలిగి పోయింది. ఇంక వాన కూడా రాదు."

ఇద్దరూ చెరో దారిన వెళ్లిపోయారు. జీపు లేపిన దుమ్ము అణిగేదాకా బయమ్మ కదల్లేదు. గట్టు మీద ఎర్రన్న సమాధి వైపు చూసి, కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది. పొయ్యిలో కట్టెలు బయటికి లాగింది. కొట్టంలోకి పోయి, తాగడానికని దాచుకున్న నీళ్ల కుండను చంకన పెట్టుకుని వచ్చింది.

మూడో చెంబు కూడా పోసి, మసిబారిన పొయ్యిరాయిని కొంగుతో తుడుస్తూ, "శానా కాలినావా తల్లీ?" అని అడిగింది.