మైకు బండిలో గొంతు ఎవరిది?

"పేరు చెప్పవ్వా, సీక్రం! ఇంక నలభై సెకండ్లే ఉండాది!"

తమిళనాడు ధర్మపురిలో తన గది తలుపు గడియ పెట్టుకుని, లాప్‌టాప్ ముందు కూర్చున్న కీర్తిక అరుస్తూ దాదాపు కుర్చీలోంచి లేచిపోయింది.

తెర మీద ఎడమ పక్క వెల్లిచందై ఊరి మునియమ్మ, కుడి పక్క హరూర్ కాళియమ్మ. ఇద్దరికీ అరవై దాటాయి. ఇద్దరికీ చెరి తొమ్మిది మార్కులు. 'ఎనభైల సందడి' అని కీర్తిక పెట్టిన ఆన్‌లైన్ క్విజ్‌కి ఇది ఫైనల్, ఇది చివరి ప్రశ్న. నాలుగొందల మంది లైవ్ చూస్తున్నారు. బహుమతిగా గ్రైండర్ ఇస్తానన్న పాత్రల కొట్టు వసంతకుమార్ కూడా చూస్తున్నాడు. "గెలిచినోళ్లు లేకుంటే గ్రైండర్ లేదు, వచ్చే క్విజ్‌కి నేనూ లేను" అని పొద్దున్నే తేల్చి చెప్పేశాడు.

టేపు బయటికొచ్చిన క్యాసెట్‌ని దేంతో చుట్టేవాళ్లంటే టక్కున పెన్సిల్ అంది మునియమ్మ. యాంటెన్నా మీద కాకి వాలితే ఇంట్లో ఏమయ్యేదంటే, బొమ్మ పోయేది, మొగోళ్లంతా మిద్దెక్కేవాళ్లు అంది. అలాంటి మనిషి ఈ ప్రశ్న వినగానే కొంగు నోట్లో కుక్కుకుంది. నిజానికి ఇది కీర్తికకి అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. ఎనభైల్లో ధర్మపురి చుట్టుపక్కల ఊరూరా తిరుగుతూ, మైకు కట్టిన బండిలోంచి కొత్త సినిమాల కబుర్లు అరిచిన ఆ గొంతు ఎవరిది?

"తెలీదా అవ్వా?"

"తెలీకేం. బాగా తెలుసు."

"అయితే చెప్పు!"

"చెప్పగూడదమ్మా."

"ఏం?"

మునియమ్మ తల వంచుకుంది. "అది మా ఇంటాయన పేరు."

కీర్తిక గుండె గంతేసింది. ఆ గొంతు బతికే ఉంది, అదీ తన ఫైనల్లో ఉంది! కామెంట్లలో ఎర్ర గుండెలు వరద కట్టాయి. ఇక్కడి ఇళ్లల్లో పెద్ద ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరని కీర్తికకి తెలుసు, తన సొంత అవ్వ కూడా పలకదు. కానీ ఆ పద్ధతి వచ్చి తన క్విజ్‌కి అడ్డంగా పడుకుంటుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

"పోనీ రాసి చూపించవ్వా."

"రాసేదొస్తే ఈపాటికి బ్యాంకులో మేనేజరయ్యుందును."

"ఏదైనా గుర్తు చెప్పు మరి!"

"మా మనవడికి ఆ పేరే పెట్టినారు. వాణ్ణి గూడా నేను 'పెద్దోడా' అనే పిలిచేది. సాలదా?"

చాలదు. జవాబు నోటితోనే చెప్పాలని రూలు పెట్టింది కీర్తికే. మొదటి రౌండులో అందరూ ఎక్కడెక్కడివో కాపీ కొట్టి అతికిస్తుంటే ఒళ్లు మండి పెట్టింది. 'రూలంటే రూలే' అని కామెంట్లో వసంతకుమార్ గుర్తు చేశాడు కూడా.

"మీ ఆయన్ని పిలువవ్వా. ఆయనే సరే అంటే పలకొచ్చు గదా!"

మునియమ్మ వాకిలి వైపు తిరిగి కేకేసింది. "ఇదో, ఇట్ల రా! నీ గొంతు గురించి అడగతా ఉండారు!"

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఒక పెద్దాయన వచ్చి, మీసం సవరించుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. కళ్లద్దాలు లేవు. ఫోన్ ఎక్కడుందో తెలియక గోడ మీది క్యాలెండర్‌కి దండం పెట్టాడు.

"తాతా, నీ పేరు చెప్పమని అవ్వకి చెప్పు. గెలిస్తే గ్రైండర్ పరిసు!"

"నలభై ఏండ్లు పలకని పేరు గ్రైండర్ కోసరం పలికేదా? మా ఇంటి ఆడది అట్లాంటిది గాదు!"

మునియమ్మ మొహం వెలిగిపోయింది. కామెంట్లలో చప్పట్లు.

"కావాలంటే నా పేరు నేనే చెప్తా, రాసుకో," అన్నాడు తాత.

"వద్దు వద్దు! నువ్వు పోటీలో లేవు తాతా!"

టింగుమని గంట మోగింది. కీర్తిక నుదురు కొట్టుకుంది. ఫరవాలేదు, ఇంకో ఛాన్సుంది. "సారీ అవ్వా, టైం అయిపోయింది. ఇప్పుడీ ప్రశ్న హరూర్ కాళియమ్మ అవ్వకి పోతుంది. చెప్తే గ్రైండర్ ఆమెకే!"

"హరూరా?" తాత ఉలిక్కిపడ్డాడు. "మేయ్, చెప్పేయ్! పర్లేదు, చెప్పేయ్!"

"ఏం, ఇప్పుడే గదా అట్లాంటిది గాదంటివి?"

"గ్రైండర్ పోతాదే! ఉత్త పేరే గదా, సీక్రం పలికేయ్!"

"సిగ్గు లేదా నీకు? ఊరంతా చూస్తా ఉంటే నేను పలకను."

"అయితే ఫోన్ ఆపేయ్! చార్జి అయిపోతా ఉండాది!"

'తాతకి గ్రైండర్ మీద ఆశ పుట్టింది' అని ఎవరో కామెంట్ పెడితే దాని కింద నవ్వే బొమ్మలు బారులు తీరాయి. కీర్తిక కూడా నవ్వాపుకుంటూ కుడి పక్కకి తిరిగింది.

"కాళియమ్మ అవ్వా, నీకు ఒక నిమిషం. ఆ మైకు బండి మీ ఊరికి గూడా వచ్చింటాది గదా. ఆ గొంతు ఎవరిదో తెలుసా?"

"తెలుసు."

హమ్మయ్య! వసంతకుమార్ కామెంట్లో గ్రైండర్ ఫొటో పెట్టేశాడు. కీర్తిక వేలు గెలుపు మ్యూజిక్ బటన్ మీదికి పోయింది.

"అయితే నాలుగొందల మందికీ వినబడేట్టు గట్టిగా చెప్పవ్వా! ఆ పేరేంది?"

కాళియమ్మ కొంగు తల మీదికి లాక్కుని, మునియమ్మ పక్కన కూర్చున్న తాతనే కళ్లార్పకుండా చూస్తూ అంది.

"నేను మాత్రం మా ఇంటాయన పేరు ఎట్ల పలికేదమ్మా?"