చిలకమ్మ వాకిలి

లంబసింగిలో యంత్రాలతో మంచు కురిపించి స్కీయింగ్ పెట్టాక, ఆదివారం వస్తే ఘాట్ రోడ్డు కదలదు. పోయిన వారం పైడిరాజు దారి తప్పానని అబద్ధమాడి, గిరిజన గూడెంలో చిలకమ్మ వాకిట్లోంచి కారు పోనిచ్చాడు. ఎండబోసిన కాఫీ గింజల్ని పక్కకు లాగి మరీ ఆమె దారిచ్చింది.

ఒక కారు నేర్చిన అడ్డదారి అన్ని కార్లకూ తెలిసిపోయే కాలమిది. దాచమని కారుతో ఒక్క మాట అంటే సరిపోయేది; మంచు తొందరలో అతను అనలేదు.

ఈ వారం ఆ వాకిట్లో కార్లు బారులు తీరాయి; పైడిరాజు కారూ వాటిలోనే ఉంది. టైర్ల కింద గింజలు నలుగుతున్నాయి. మిగిలినవి చేటలోకి ఎత్తుకుంటూ చిలకమ్మ అతన్ని గుర్తుపట్టింది.

"మళ్లీ తప్పిపోనారేటి బాబూ? పాపం, ఈలూ దారి తప్పినోలే. తమరికి దారి ఎరికే గదా, కూసింత ఆలకీ సెప్పండి."

వాళ్లకు ఈ దారి చెప్పింది తన కారేనని తెలిసీ, పైడిరాజు కారు అద్దం పైకెత్తుకున్నాడు.