చిన్న మెషీన్

టకానిని అనే విదేశీ ఊళ్లో, క్లీనింగ్ మెషీన్లు అమ్మే షాపులో భూమేశ్ పెద్దవాటి వైపు చూడనైనా లేదు. నీళ్లు చిమ్మి కార్పెట్ మురికిని పీల్చే ఒక చిన్న మెషీన్ దగ్గరే నిలబడిపోయాడు.

అతని భార్య స్వరూపకు చిరాకేసింది. ఇన్నేళ్లు ఒకరి కింద కార్పెట్లు కడిగిన మనిషి, తీరా సొంత బిజినెస్‌ పెట్టేటప్పుడు బొమ్మలాంటిది కొంటానంటాడేమిటి?

"పెద్దదే తీస్కో. దీంతోని రోజుకు ఒక్క ఇల్లు గూడ కాదు," అంది.

"ముందు దీన్ని నువ్వు ఎత్తి చూడు," అన్నాడు భూమేశ్.

ఎత్తింది. బయటికి తీసుకెళ్లి వ్యాన్‌లో పెట్టమంటే పెట్టింది, మళ్లీ దింపమంటే దింపింది. గొట్టం కూడా ఆమెతోనే బిగింపించాడు. నేల రుద్దే మెషీన్లలో ఆమె చేతికి లొంగినదాన్నే కొనడానికని పక్కన పెట్టించాడు.

"పనిచేసేది నువ్వు గదా. నన్నెందుకు సతాయిస్తున్నవ్?"

భూమేశ్ గొట్టం అందుకోబోయాడు. వేళ్లు ముడుచుకోలేదు. గొట్టం జారి కిందపడింది.

"తిమ్మిరి అని చెప్పిన గదా, తిమ్మిరి కాదంట," అన్నాడు మెల్లగా. "నరాల జబ్బు. మందు లేదంట. చలికాలం వచ్చేసరికి రెండో చెయ్యి గూడ పోతదన్నడు డాక్టర్. తర్వాత మాట పోతదంట. ఆలోపల నీకు పనంత నేర్పిస్త."

స్వరూప గొట్టం తీసి గుండెకు ఆనించుకుంది.

షాపతను వచ్చి, ఏది తీసుకుంటున్నారని భూమేశ్‌ను అడిగాడు.

"చిన్నదే," అంది స్వరూప.