బురుజుకు కొట్టిన గుమ్మడికాయ

“పిడుగు పడితే ముందు ఆ డబ్బా మీద పడుతుందా, మా ఇంటి మీద పడుతుందా బాబూ?”

డాబా మీద ఇనుప గొట్టానికి యాంటెన్నా బిగిస్తున్న తిరుమలేశ్ నవ్వాడు. “వానే లేదు, పిడుగు ఏడికెల్లి వస్తదమ్మా? జర సిగ్నల్ రానీ, తర్వాత ఫికర్ చేద్దాం.”

శేషారత్నం కొంగు దోపి గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంది. అది ఊడి ఎవరి నెత్తినైనా పడుతుందని ఆమె భయం. ఫిల్మ్‌నగర్ వెనక, బండరాళ్ల మధ్య కొత్తగా వేసిన కాలనీ అది. రోడ్డు సగం దూరమే వచ్చింది. టెలిఫోన్ తీగలు అసలు రాలేదు. ఇంటర్నెట్ కావాలంటే గాలిలోంచి అందుకోవాల్సిందేనని కంపెనీవాళ్లు చెప్పారు.

తిరుమలేశ్ మీటరు చూసి పెదవి విరిచాడు. “వస్తలేదమ్మా. మా టవర్ చెక్‌పోస్ట్ కాడ ఉంది. ఈడికెల్లి చూస్తే అది కండ్లకు కనబడాలె. నడుమ గా కోట అడ్డమొస్తుంది.”

ఎదురుగా సినిమావాళ్లు వేసిన కోట సెట్టు. చెక్కతో, ప్లాస్టరుతో కట్టిన బురుజు సరిగ్గా ఆ దిక్కునే మూసేసింది.

“పిక్చర్ అయినంక పిలువుండ్రి, వస్త. గంత జల్దీ ఉంటే నెట్ సెంటర్‌కు పోరాదు?”

“అక్కడికి వెళ్తే నా పని కాదు బాబూ. ఇంట్లోకే రావాలి.”

మధురానగర్ నెట్ సెంటర్‌కు ఆమె వెళ్లకపోలేదు. అక్కడి అమ్మాయి చేత ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు మాటలు కొట్టడం నేర్చుకుంది. తప్పు మీట నొక్కితే పెట్టె పేలుతుందేమోనని మొదటి రోజు దూరంగా కూర్చుని ఒక్క వేలితోనే కొట్టింది.

భర్త వరప్రసాద్ ప్రొడక్షన్ మేనేజరు. షూటింగు పని మీద రాజమండ్రిలో ఉన్నాడు. సంగతి ఫోనులో చెప్పగానే హడలిపోయాడు.

“సెట్టు జోలికి పోకే తల్లీ! షూటింగ్ అంతా అయిపోయి గుమ్మడికాయ కొడితే గానీ వాళ్లు మేకు కూడా పీకరు. అది మా వాళ్ల ఆచారం. నా పరువు తియ్యకు.”

మర్నాడు పొద్దున్నే శేషారత్నం గుమ్మడికాయను చంకనెత్తుకుని కోట ముందు నిలబడింది.

సెట్టు మేస్త్రీ భిక్షం కళ్లు నులుముకున్నాడు. “గిదేందమ్మా?”

“గుమ్మడికాయ. కొట్టి ఆ బురుజు దించండి.”

పనివాళ్లు పకపకా నవ్వారు.

“హీరోయిన్ డేట్లు దొరకక ఒక పాట ఆగింది. నువ్వు కాయ తెస్తే పిక్చర్ అయిపోతదా?”

“ఆ పాటలో బురుజు కనిపిస్తుందా?”

భిక్షం తల గోక్కున్నాడు. “కనబడది. పాటంతా లోపల, దర్బారులనే.”

“మరింకేం?”

“గంత అవసరం ఏమొచ్చిందమ్మా నీకు?”

శేషారత్నం కాయను ఒళ్లో పెట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడింది.

“మా అమ్మాయి నిహారిక. హైటెక్ సిటీలో కాల్ సెంటర్ ఉద్యోగం. ఒకరోజు ఆఫీసు కారు ఆలస్యమైంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆఫీసుకు ఫోన్ చేశాను, ఆసుపత్రులకు చేశాను, పోలీసులను కూడా పంపించాను. తీరా చూస్తే టైరు పంక్చరు. ఆఫీసులో అందరూ దాన్ని పోలీసు పాప అని ఏడిపించారట. ఉద్యోగం మానేసింది. నాతో మాట కూడా మానేసింది.”

“ఫోన్ చెయ్యరాదు?”

“ఎత్తదు. కాగితం మీద రాసినా విప్పదు. ఇక్కడికి రాకముందు కంప్యూటర్లో స్నేహితులతో మాత్రం తెగ మాట్లాడేది. అందులోనైనా నన్ను రానిస్తుందేమోనని…”

“రానియ్యకపోతే?”

ఆ భయం ఆమెకూ ఉంది. అయినా లేచి నిలబడింది. “అడిగి చూస్తేగా తెలిసేది!”

భిక్షం బురుజు వైపు చూశాడు. “నేనైతే కొట్ట. నువ్వే కొట్టు. పిక్చర్‌కు కాదు, గీ బురుజు ఒక్కదానికే.”

కాయ పగిలింది. ఎవరైనా జారి పడతారని శేషారత్నం ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టాకే ఇంటిదారి పట్టింది.

మధ్యాహ్నానికి బురుజు నేల మీద ఉంది. తిరుమలేశ్ మీటరు చూసి కేక పెట్టాడు. “ఫుల్లు సిగ్నలమ్మా! నువ్వు మామూలు దానివి కాదు. వైరు ఏడికి గుంజాలె?”

“కింద హాల్లోకి ఒకటి. మేడ గదిలోకి ఒకటి.”

“మేడ మీద కిరాయికిచ్చిండ్రా?”

“చప్పుడు చెయ్యకు బాబూ. కిటికీలోంచి అందించు, చాలు.”

అతను వెళ్లిపోయాక ఆమె హాల్లో కంప్యూటరు ముందు కూర్చుంది. తెర మీద నిహారిక పేరు పక్కన, ఆన్‌లైన్‌లో ఉందని చెప్పే దీపం బొమ్మ వెలుగుతోంది.

‘అన్నం తిన్నావా’ అని కొట్టి, చెరిపేసింది. ‘ఒంట్లో ఎలా ఉంది’ అని కొట్టి, అదీ చెరిపేసింది. తర్వాత ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది.

‘నిహా, నేను అమ్మని. నువ్వు మళ్లీ ఉద్యోగానికి వెళ్లు. రాత్రి డ్యూటీ అయినా సరే. నేను ఎవరికీ ఫోన్ చెయ్యను. భయమేస్తే నాలో నేనే భయపడతాను.’

పంపింది.

జవాబు లేదు. కరెంటు పోతుందేమో. కోటవాళ్లు బురుజు మళ్లీ లేపుతారేమో. చదివి కట్టేసిందేమో. వంటింట్లో కుక్కరు కూత పెట్టి పెట్టి ఆగింది. నేల మీది ఎండ గోడెక్కి, మాయమైపోయింది. ఆమె కుర్చీలోంచి లేవలేదు.

దీపం బొమ్మ కింద అక్షరాలు కదిలాయి.

‘తలుపు తీశాను, పైకి రామ్మా.’